విషాదము: దోషమా, వ్యాధియా?

తెలుగున 'విచారము' అను పదమునకు రెండర్థములు కలవు. వేదాంతగ్రంథమును చేతబట్టినవానికి విచారమనగా తత్త్వమును పరిశీలించుట. ఆత్మవిచారము, బ్రహ్మవిచారము అనునపుడు ఈ యర్థమే గ్రాహ్యము. వీధి యరుగుపై కూర్చుండిన ముదుసలికి విచారమనగా దుఃఖము. సంస్కృతమున పరిశీలనమును దెలుపు మాట తెలుగువాని నోట దుఃఖమైనది. ఇది భాషాదోషమని పండితుడు నవ్వవచ్చును. కాని ఈ మార్పునందు ప్రజల యనుభవ మొకటి దాగియున్నది. తలపు ముందునకు సాగినపుడు అది పరిశీలనము. అదే తలపు గానుగెద్దువలె ఒకచోటనే తిరుగుచున్నపుడు అది దుఃఖము. కాళ్ళు నడచుచునే యుండును. దారి మాత్రము తరుగదు.

దుఃఖమును జెప్పు మాటలు మన భాషలో కొదువగా లేవు. బెంగ యున్నది, దానికి ఎల్లప్పుడును ఒక విషయముండును. బిడ్డకు తల్లిమీద బెంగ, కోడలికి పుట్టినింటిమీద బెంగ. దిగులునకు విషయ ముండవచ్చును, లేకపోవచ్చును. "ఎందుకో దిగులుగా నున్నది" యన్నవానిని ఎవ్వరును కారణమడిగి పీడింపరు. గుబులు భయమునకు చేరువది. శోకము పోయినవారినిగూర్చినది. ఇన్ని మాటలుండియు, వీనిలో దేనికిని లొంగని మనోదశ యొకటి కలదు. అందు కన్నీరు రాదు; ఏడ్వగలిగిన కొంత తేలిక యగునని ఆ మనుష్యుడే చెప్పును. నేటి వార్తాపత్రికలు దీనిని కుంగుబాటు అని వ్రాయుచున్నవి. జనులు డిప్రెషన్ అనియే పిలుచుచున్నారు. నేల క్రుంగును, గోడ క్రుంగును, ప్రొద్దు క్రుంకును. మనస్సును అట్లే క్రుంగునని ఆ మాట వేసినవారి భావము. ప్రాచీన పదమగు విషాదమునందును ఈ భావమే కలదు. 'సద్' ధాతువునకు కూర్చుండుట, క్రుంగుట అను అర్థములున్నవి. ఉపనిషత్తు అను పదము పుట్టినదియు ఈ ధాతువునుండియే యనుట మన పాఠకులకు ఆశ్చర్యము గొల్పవచ్చును.

ఈ దశను మాటలతో కాక మనుష్యునియందు చూచుట మేలు. జంషెడ్‌పురమునకు పడమట ఖర్కాయి నది ప్రవహించుచున్నది. నదికి ఆవల ఆదిత్యపురము. దానిని దాటిన గమ్హరియా. ఒకప్పుడిది సరాయికేలా సంస్థానపు నేల. 2001వ సంవత్సరమునుండి సరాయికేలా-ఖర్సావాఁ జిల్లాలోనిది. హౌరానుండి బొంబాయికి పోవు ఇనుపదారి ఇచ్చటనే సాగుచున్నది. 1907లో టాటావారి ఉక్కు సంస్థ స్థాపింపబడి, 1912లో ఉక్కు పోతపోయుట ఆరంభమైన పిమ్మట గంజాము, విశాఖ ప్రాంతములనుండి తెలుగువారు పనికై ఈ ప్రాంతమునకు తరలివచ్చిరి. బిష్టుపురములోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరము వారి స్థిరనివాసమునకు సాక్ష్యముగ నిలిచియున్నది. నేడు వారి మూడవ, నాలుగవ తరములవారు ఇంట తెలుగు, వీధిలో హిందీ మాటలాడుచు, బెంగాలీ, ఒరియా, సంతాలీ, హో భాషలను వినుచు జీవించుచున్నారు. ఆదిత్యపురము, గమ్హరియాలలోని చిన్న కర్మాగారములు పెక్కు లారీల విడిభాగములను తయారుచేయును. పెద్ద కర్మాగారమున లారీల నిర్మాణము తగ్గిన దినమున ఇచ్చట యంత్రములు మూగవోవును. 2019లో అట్లే జరిగినది. 2020లోని లాక్‌డౌన్ దానిపై పడినది.

ఇట్టిచోట లేత్ యంత్రముపై పనిచేయు గృహస్థు నొకని ఊహింతము. ఈతడు కల్పితుడే, కాని ఇట్టివానినెరుగని వీధి యుండదు. వయస్సు నలువదియైదు. పని లేని నెలలలో ఈతడు ధైర్యముగనే యుండెను. అప్పు చేసెను, కూరగాయలమ్మెను, తల్లికి మందులు కొనెను. పని మరల దొరకినది. అప్పు తీరినది. అటుపిమ్మటనే, లోకము దృష్టిలో కారణమేమియు మిగులని కాలమున, ఈతడు క్రుంగెను. తెల్లవారుజాము మూడు గంటలకు మెలకువ వచ్చును. మరల నిద్ర పట్టదు. అన్నములో ఉప్పు తెలియును, రుచి తెలియదు. కూతురు పరీక్షలో నెగ్గినదని చెప్పగా సంతోషింపవలెనని తెలియును, సంతోషము రాదు. స్నానము చేయుటకు లేచుట కొండనెక్కుటవలె నుండును. తోడి పనివాడు "మన్ నహీఁ లగ్‌తా క్యా?" అని అడుగును. మనస్సు అంటుకొనుటలేదా యని దాని యర్థము. తెలుగు మాటలన్నిటికంటె ఈ హిందీ మాటయే ఈతని దశను ఎక్కువగ పట్టుకొన్నది. దేనికిని అంటుకొనదు, ఆఖరునకు దుఃఖమునకును అంటుకొనదు.

తల్లి "ఊరిమీద బెంగ పెట్టుకున్నావా నాయనా?" అని దిష్టి తీయును. బావమరది "ధైర్యం తెచ్చుకో బావా, పిల్లలు చిన్నవాళ్ళు" అనును. భజనగోష్ఠిలోని పెద్దలొకరు గీతాపుస్తకమునిచ్చి, దౌర్బల్యమును విడువుమని బోధింతురు. వీరందరును మేలుకోరువారే. వీరి మాటలు విని ఈతడు తనలో ననుకొనునది మాత్రమిది: "నాకు ధైర్యము లేదు, భక్తి లేదు; కావుననే నేనిట్లైతిని." వ్యాధికి తోడు పాపమొకటి ఈతని తలకెక్కినది. ఇచ్చటనే తాత్త్వికప్రశ్న ప్రాణసంకటమగు ప్రశ్నయైనది. విషాదము మనుష్యుని దోషమా? దోషమేయైన దానిని మందలింపవలెను. కానిచో ఆ మందలింపే హింస.

భావములనగా ఏమి యను చర్చ ప్రాచీనమైనది. గ్రీసుదేశమున స్టోయిక్ తత్త్వవేత్తలు, ముఖ్యముగ క్రీస్తుపూర్వము 3వ శతాబ్దిలోని క్రిసిప్పస్, భావమనునది బుద్ధి చేయు నిర్ణయమే యనిరి. ఒకనికి శోకము కలిగినదనగా, తాను గొప్ప మేలును కోల్పోయితినని యాతడు తీర్పు చెప్పుకొన్నాడని యర్థము. తీర్పు తప్పైన శోకమును తప్పే. గీత రెండవ యధ్యాయములోని ప్రసిద్ధమగు సోపానక్రమమును దీనికి దూరముకాదు: విషయచింతనమునుండి సంగము, సంగమునుండి కామము, కామమునుండి క్రోధము పుట్టునని అచ్చట చెప్పబడినది. భావమునకు మూలము చింతనమే. 2001లో అమెరికా తత్త్వవేత్త మార్తా నుస్‌బామ్ ఈ స్టోయిక్ మతమును పునరుద్ధరించి పెద్ద గ్రంథము రచించినది. ఆరన్ బెక్ అను వైద్యుడు 1960వ దశకమున విషాదరోగులకై కల్పించిన చికిత్సకు తాత్త్వికమూలము స్టోయిక్కులయందున్నదని స్వయముగ నంగీకరించెను. రోగి తన్నుగూర్చి చేసికొను తప్పు తీర్పులను ఒక్కొక్కదానిని పరీక్షింపజేయుటయే ఆ పద్ధతి. అది అనేకులకు మేలుచేసినది.

దీనికి విరుద్ధముగ విలియం జేమ్స్ 1884లో ప్రకటించిన మతమొకటి కలదు. దుఃఖించుటవలన మనమేడ్చుటలేదు, ఏడ్చుటవలననే దుఃఖించుచున్నామని ఆయన వాదము. దేహమున ముందు మార్పు కలుగును. ఆ మార్పు తెలియవచ్చుటయే భావము. వినుటకు వింతగ నున్నను, సరాయికేలా ఛౌ నృత్యమును చూచినవారికి ఇది అంత వింత కాదు. ఆ నృత్యమున ముఖమును మాస్కు పూర్తిగ కప్పివేయును. కన్ను చెమర్పదు, పెదవి వణకదు; ఐనను భుజము వాలినపుడు, అడుగు తడబడినపుడు చూపరుల గొంతు పట్టుకొనును. భావము దేహమంతటను వసించుననుటకు గమ్హరియావారు దూరదేశపు గ్రంథములను వెదకనక్కరలేదు. సరాయికేలా పోయిన చాలును.

ఈ రెండు మతములనుండియు రెండు ఉపదేశములు పుట్టును. మొదటిది "సరిగ ఆలోచింపుము" అనును. రెండవది "లేచి నడువుము" అనును. మన గృహస్థునకు రెండును వినవచ్చినవే. రెంటియందును కొంత సత్యము కలదు. కాని ఈతని దశలో నిర్ణయమేది? ఏ మేలు పోయినదని ఈతడు తీర్పు చెప్పుకొనుచున్నాడు? పని యున్నది, ఇల్లున్నది, బిడ్డ నెగ్గినది. ఇవన్నియు మేలేయని ఈతడు ఒప్పుకొనును. తీర్పులో తప్పు లేదు. తీర్పునకు బలము లేదు. శోకము లోకములోని ఒక వస్తువును నల్లగ జూపును. విషాదము ఏ వస్తువును నల్లగ జూపదు, దీపమునే తగ్గించును. ఇంగ్లాండులోని మాథ్యూ రాట్‌క్లిఫ్ అను తత్త్వవేత్త 2015లో విషాదానుభవములనుగూర్చి వ్రాసిన గ్రంథమున, ఈ రోగమున పోవునది సుఖముకంటె సంభావ్యతయే యనెను. అనగా, మారవచ్చునను భావమే మనస్సునుండి తొలగిపోవును. ఆరోగ్యవంతుడు దుఃఖించునపుడు "ఇది గడచును" అను మాట వానికి తెలియకుండనే లోపల మ్రోగుచుండును. రోగికి ఆ మ్రోత యుండదు. కావున "ఇది గడచును" అని పైనుండి యెన్నిమార్లు చెప్పినను అది వానికి అర్థముగల వాక్యముగ వినబడును గాని నిజముగ వినబడదు.

మన సాంఖ్యులు ఈ భేదమును ఆశ్చర్యకరమగు సూక్ష్మతతో గుర్తించిరి. ఈశ్వరకృష్ణుడు త్రిగుణముల స్వరూపమును జెప్పుచు, సత్త్వము ప్రీతిరూపము, రజస్సు అప్రీతిరూపము, తమస్సు విషాదరూపము అని విభజించెను. పాఠకులిచ్చట ఒకింత నిలువవలెను. అప్రీతి యనగా దుఃఖము, అది రజోగుణము. విషాదము దుఃఖముకంటె వేరు, అది తమోగుణము. దుఃఖమునకు కదలిక కలదు. ఏడ్చును, మొత్తుకొనును, పరుగెత్తును, సహాయమునకై చేయి చాచును. విషాదమునకు కదలిక లేదు. గుణముల పనులను జెప్పుచు నాచార్యుడు సత్త్వమునకు ప్రకాశము, రజస్సునకు ప్రవృత్తి, తమస్సునకు నిరోధము నప్పగించెను. తమస్సు బరువైనది, కప్పివేయునది యనెను. బరువు, కప్పు: నేటి రోగులు ఏ దేశమువారైనను వైద్యునియెదుట చెప్పుకొను మాటలివే. ఛాతీపై బండ పెట్టినట్లున్నదనువాడొకడు, అద్దమునకు ఆవలనుండి లోకమును జూచుచున్నట్లున్నదనువాడొకడు. సాంఖ్యకారికను వీరు చదివియుండరు.

ఈ విభాగము ఉపకారమే గాని ఒక అపాయమును తెచ్చినది. తమస్సనగానే మనకు సోమరితనము, అజ్ఞానము, నింద స్ఫురించును. గీత పదునెనిమిదవ యధ్యాయమున నిద్రను, భయమును, శోకమును, విషాదమును విడువని ధృతి తామసమని చెప్పబడినది. విడువనివాడు దుర్బుద్ధి యని కూడ ననబడినది. ఈ వాక్యమును రోగి ముఖముపై విసరువారు కలరు. 'విడువడు' అను క్రియను వారు గమనింపరు. విడువగల శక్తియుండియు విడువకుండుట దోషము. ఈ గృహస్థుడు విషాదమును పట్టుకొనియుండలేదు. అదియే యీతని పట్టుకొన్నది. ఊబిలో దిగబడినవానిని బురదను ప్రేమించుచున్నాడని ఎవ్వరందురు?

మరి అర్జునుని మాటయేమి? గీత మొదటి యధ్యాయమునకు అర్జునవిషాదయోగమను పేరున్నది గదా. అవయవములు సడలుట, నోరెండుట, వణకు, గాండీవము జారుట, చర్మము మండుట, నిలువలేకుండుట, మనస్సు గిర్రున తిరుగుట ఇవన్నియు అచ్చట చెప్పబడినవి. విలియం జేమ్స్ చూచియుండినచో తన వాదమునకు దృష్టాంతముగ గ్రహించియుండును. ఐనను అర్జునుని విషాదమునకు విషయము కలదు. తాతను, గురువును చంపవలసివచ్చినది. ఆతడు వాదించును, కులధర్మమునుగూర్చి ఉపన్యసించును. మన గృహస్థునకు వాదమే లేదు. కావున రెండు దశలును ఒకటియేయని చెప్పుట సాహసము.

కాని ఆ ఘట్టమున చికిత్సాక్రమ మొకటి కలదు. దానిని మనము తరచుగ దాటిపోవుచున్నాము. భగవానుడు మొదట పలికినవి రెండే శ్లోకములు. ఈ సమయమున ఇట్టి మాలిన్యము నీకెట్లు వచ్చినది, ఇది నీకు తగదు, అల్పమగు హృదయదౌర్బల్యమును విడిచి లెమ్ము అని వాని తాత్పర్యము. ఇవి బావమరది పలికిన మాటలకు మిక్కిలి దూరమైనవి కావు. ఫలమేమి? అర్జునుడు లేవలేదు. ఇంద్రియముల నెండించు ఈ శోకమును భూలోక సామ్రాజ్యముగాని దేవతలపై ఆధిపత్యముగాని పోగొట్టునట్లు కనబడుటలేదని చెప్పి, యుద్ధము చేయనని పలికి మౌనము వహించెను. అవతారపురుషుని నోట వెడలిన మందలింపే పని చేయలేదు. అప్పుడు భగవానుడు ఆ మందలింపును మరింత గట్టిగ చేయలేదు. బోధ నారంభించెను, పదునెనిమిదవ యధ్యాయాంతమువరకు మాటలాడెను, ప్రశ్నలడుగనిచ్చెను, అడిగిన ప్రశ్నయే మరల నడిగినను విసుగుకొనలేదు. నడుమ నడుమ 'లెమ్ము' అను మాట మరల వచ్చును గాని ప్రతిసారి యుక్తితో కూడి వచ్చును. తుదకు, దీనినంతటిని విమర్శించి నీ యిచ్చవచ్చినట్లు చేయుమని వానికే విడిచెను.

ఇచ్చట నొక ఆక్షేపణ రావచ్చును. ఆ 'లెమ్ము' అను శ్లోకమునందే గీతాసారమంతయు గలదని స్వామి వివేకానందులు ఘోషించిరి గదా? నిజమే, 1897లో ఆలంబజారు మఠమున వారట్లు చెప్పిరి. శక్తియుండియు నిద్రించుచున్న జాతిని లేపుటకు చెప్పిన మాట అది. శక్తియే బంధింపబడినవానికి అదే మాత్రను అదే మోతాదులో ఇచ్చుట వైద్యము కాదు. వారును 1884లో తండ్రి మరణించిన పిమ్మట ఆకలితో, కాళ్ళకు చెప్పులు లేక, ఉద్యోగమునకై కలకత్తా వీధులలో తిరిగినవారు. నిరాశ యెట్టిదో ఎరుగనివారు కారు.

ఇంతకంటె సూక్ష్మమగు భ్రాంతి యొకటి కలదు. అది సాధకులకే ఎక్కువగ కలుగును. కోరిక లేదు, రుచి లేదు, బంధువులయందు ఆసక్తి లేదు. కావున ఇది వైరాగ్యమని రోగియు, ఒక్కొక్కప్పుడు ఆతని గురుస్థానమందలి పెద్దలును పొరబడుదురు. యోగవాసిష్ఠమున శ్రీరాముని మొదటి దశ చూపునకు ఇట్లే యుండును. తీర్థయాత్రనుండి వచ్చిన రాకుమారుడు భోజనమును, క్రీడలను విడిచి, కృశించి, ఒంటరిగ కూర్చుండును. సేవకులు కలతచెంది దశరథునకు విన్నవింతురు. విశ్వామిత్రుడు దానిని వివేకజన్యమగు వైరాగ్యముగ గుర్తించును. ఎట్లు గుర్తించెను? సభకు రప్పించి మాటలాడించెను. రాముడు నోరు తెరచినపుడు సభ నిశ్చేష్టమైనది. అంతటి ప్రకాశము, అంతటి జిజ్ఞాస ఆ మాటలయందుండెను. విషాదరోగిని మాటలాడింపుడు, వాక్యము సగమున తెగిపోవును. వైరాగ్యమున లోకము చిన్నదగును, తాను నిర్మలమగును. 1917లో సిగ్మండ్ ఫ్రాయిడ్ శోకమునకు, విషాదమునకు చెప్పిన భేద మిచ్చట పనికివచ్చును: శోకించువానికి లోకము శూన్యమగును, విషాదగ్రస్తునకు తానే శూన్యమగును. తన్ను తాను దూషించుకొనుట, తాను ఇంటికి భారమనుకొనుట వైరాగ్యలక్షణములు కావు.

అలంకారికులును ఈ చిక్కును ఎదుర్కొనిరి. భరతుడు నిర్వేదమును ముప్పదిమూడు వ్యభిచారిభావములలో మొదట పెట్టెను. దారిద్ర్యము, వ్యాధి, అవమానము మొదలగువానినుండి అది పుట్టునని చెప్పెను. మమ్మటుడు దానిని శాంతరసమునకు స్థాయిగ గ్రహించెను. అభినవగుప్తుడు సమ్మతింపలేదు. లేమివలన పుట్టిన నిర్వేదము వేరు, తత్త్వజ్ఞానముతో కూడినది వేరు. పేరొకటియైనంత మాత్రమున వస్తువొకటి కాదని ఆయన యాశయము. శ్మశానవైరాగ్యము, పురాణవైరాగ్యము, ప్రసూతివైరాగ్యము అని మన యిండ్లలో నవ్వుచు చెప్పుకొను విభాగమును ఈ వివేకమునకు చెందినదే. ప్రసూతివైరాగ్యమని నవ్విన సందర్భములలో కొన్ని, ఇప్పుడు తెలియుచున్నంతవరకు, కాన్పు తరువాత స్త్రీలకు వచ్చు నిజమగు విషాదరోగములై యుండవలెను. నవ్వవలసినది కాదు.

పతంజలి యోగమునకు అంతరాయములను లెక్కించుచు వ్యాధిని మొట్టమొదట నుంచెను. చిత్తము పనిచేయజాలకుండుటయగు స్త్యానమును దాని వెంటనే చేర్చెను. దౌర్మనస్యమును విక్షేపములకు తోడుగ వచ్చువానిలో పేర్కొనెను. వ్యాధి యనగా ధాతువులయొక్కయు, రసములయొక్కయు, ఇంద్రియములయొక్కయు వైషమ్యమని వ్యాసభాష్యము. అది పాపమని చెప్పలేదు. చరకుడు మరింత స్పష్టముగ, రోగమును పెంచువానిలో విషాదము అగ్రగణ్యమనెను. చికిత్సను మూడు విధములుగ విభజించి, దైవమును ఆశ్రయించుట, ఔషధాహారములను యుక్తిగ ప్రయోగించుట, మనస్సును అహితమునుండి మరల్చుట అని మూటికిని స్థానమిచ్చెను. ఔషధము పుచ్చుకొనువానికి దైవభక్తి లేదనుట ఈ సంప్రదాయమునకు తెలియని వాదము.

నేటి శాస్త్రమును వినయముతోనే మాటలాడవలసియున్నది. మెదడులో సెరటోనిన్ అను ద్రవ్యము తగ్గుటయే ఈ రోగమునకు కారణమని కొంతకాలము సులభముగ చెప్పిరి; 2022లో ప్రకటింపబడిన విస్తృత పరిశీలన యొకటి దానికి స్థిరమగు ఆధారము లేదనెను. వంశానుగతమగు సున్నితత్వము, బాల్యమున పడిన దెబ్బలు, ఉద్యోగనష్టము, మద్యము, థైరాయిడ్ గ్రంథి లోపము, దీర్ఘరోగములు ఇవి యన్నియు కలిసియో, విడివిడిగనో దారితీయవచ్చును. కారణము పూర్తిగ తెలియకపోయినను ఔషధములు, సంభాషణచికిత్స పలువురకు మేలుచేయుచున్నవి. ఔషధము ఒక్క రాత్రిలో పనిచేయదు. రెండు మొదలు నాలుగు వారములు పట్టవచ్చును. మేలు కనబడిన వెంటనే తమంతట మానివేయుట అపాయకరము.

బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో పండ్రెండు రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసికారోగ్య పరిశీలనలో ఝార్ఖండును ఒకటి. దాని ప్రకారము మన దేశమున పెద్దలలో ఇరువదిమందికి ఒకరు జీవితమున ఎప్పుడో ఒకప్పుడు ఈ రోగమునకు గురియగుచున్నారు. అట్టివారిలో నూటికి సుమారు 85 మందికి చికిత్స యందుటలేదు. గమ్హరియావారికి ఈ లోపము వింతగ నుండవలెను. వారి రాష్ట్ర రాజధాని రాంచీకి చెందిన కాంకేలో మన దేశమందలి పురాతన మానసిక వైద్యాలయములలో రెండున్నవి: ఒకటి 1918లోను, మరియొకటి 1925లోను ఆరంభమైనవి. బెంగాలు కవి కాజీ నజ్రుల్ ఇస్లాంను 1952లో చికిత్సకై తెచ్చినది రాంచీకే. దూరము కొన్ని గంటల ప్రయాణమే. కాని ఆ ప్రాంతమున 'కాంకే పంపవలెను' అనుట పరిహాసవాక్యముగ వాడుకలో నున్నది. ఆ పరిహాసమే అసలు దూరము.

వైద్యుని జూచుటకు సిగ్గుపడువారికి విలియం జేమ్స్ కథ చెప్పదగినది. 1902లో ప్రకటించిన తన ప్రసిద్ధ గ్రంథమున, ఘోరవిషాదమున పడిన ఒక ఫ్రెంచివాని లేఖ యని ఒక వృత్తాంతమును ఆయన చేర్చెను. ఆ ఫ్రెంచివాడు తానే యని తరువాత అంగీకరించెను. భావములకు శాస్త్రము వ్రాసిన పండితుడే తన యనుభవమును పరుని పేర దాచవలసివచ్చినది. లేత్ పనివాడు దాచుటలో వింతయేమున్నది?

రోగి చావును తలచుచున్నాడను అనుమానము కలిగినపుడు ఇంటివారు ఆ ప్రశ్నను సూటిగ, మృదువుగ అడుగవచ్చును. అడిగినంత మాత్రమున ఆ తలపు క్రొత్తగ నాటుకొనదని వైద్యులు చెప్పుచున్నారు. వెనుకటివలె నేడు పోలీసుభయము నుండనక్కరలేదు. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము, ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమగు ఒత్తిడిలో నుండెనని భావించి, వానికి సంరక్షణ కల్పించుట ప్రభుత్వవిధి యనెను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో వెనుకటి 309వ సెక్షను లేదు. 2022 అక్టోబరునుండి నడచుచున్న ప్రభుత్వపు టెలిమానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసిన ఖర్చు లేక, దేశభాషలలో మాటలాడవచ్చును. మూడు గంటలకు మెలకువ వచ్చినవానికి ఆ వేళలోను అది పలుకును.

మన గృహస్థుని యింటికి మరల వత్తము. గీతాపుస్తకము బల్లపైనే యున్నది. ఈతడు దానిని తెరచుటలేదు. తెరవలేదని మరల తన్ను నిందించుకొనుచున్నాడు. భార్య దానిని తీసి పూజగూటిలో పెట్టును. "చదవాలనిపించినప్పుడు చదువుదురుగానిలెండి. రేపు సెలవు పెట్టండి, రాంచీ వెళ్ళొద్దాం. నేనూ వస్తాను" అనును. ఆపై ధైర్యవచనము లేమియు చెప్పదు. తల్లి కోడలివైపు చూచి, దిష్టి తీసిన ఎండుమిరపకాయలను పొయ్యిలో వేసి, ప్రయాణమునకు రొట్టెలు చేయుటకు పిండి తడుపును.